హన్మకొండ పాత ఇనుప దుకాణంలో కొన్న బాయ్‌నెట్ (తుపాకీ కొసకు బిగించే కత్తి): 1907 అని ఉంది, అలుగు 12 అంగుళాలే, నకిలీనా?

నకిలీ అని అప్పుడే అనుకోకండి, బహుశా కోసి పొట్టి చేసిందే. 1907 అనేది తయారైన ఏడాది కాదు, బ్రిటిష్ మోడల్ పేరు. దాని అసలు అలుగు 17 అంగుళాలు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో చాలావాటిని 12కు కుదించారు.

1. చాలామంది చూడకుండా వదిలేసేది అలుగు మీద పొడుగునా ఉండే గాడి. అది మొన దాకా పోయి అక్కడ తెగినట్టుంటే పొడుగుదాన్ని కోశారన్నట్టే. మొనకు ముందే నున్నగా ముగిసినా, గాడే లేకున్నా, పుట్టుకతోనే పొట్టిది కావచ్చు.

2. పిడి దగ్గర 1907 కింద తయారైన నెల, ఏడాది చివరి రెండంకెలు వెతకండి. ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ‌ది.

జంగు పోవాలని సాండ్ పేపర్ మాత్రం పెట్టకండి, ముద్రలు పోతాయి! నూనె, గుడ్డ చాలు.