సర్వీస్ బుక్ నిండా ముద్రలున్నా బేరింగులు పోతాయి

స్పోర్ట్స్ కార్లలో ఇంజిన్ బేరింగులు పోవడానికి మెయింటెనెన్స్ లోపమే కారణమా అని అడిగారు. కొన్నిసార్లు అవును. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఒక్క సర్వీసు కూడా తప్పించని నా కారుకే రాడ్ బేరింగులు (పిస్టన్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోట ఉండే జత లోహపు రేకులు, వాటినే షెల్స్ అంటారు) పోయాయి, పోయాక నా చేతిలో పెట్టిన కాగితం మీద రాసింది కూడా అదే: మెయింటెనెన్స్ లోపం.

నాది ఆరు సిలిండర్ల కారు, టర్బో లేదు, 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దాకా తిరిగే ఇంజిన్. ఒక రోజు బాగా వేడెక్కిన తర్వాత, సుమారు 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు కొద్దిగా తీసినప్పుడు లోపల నుంచి టకటకమని వినిపించింది. తలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టు. మళ్ళీ కాలు వేస్తే లేదు. ఐడిల్‌లో లేదు. చల్లగా ఉన్నప్పుడు అసలే లేదు. రెండు రోజులు అది హీట్ షీల్డ్ చప్పుడేమో అనుకున్నాను, ఆ రెండు రోజులూ బండి నడిపాను కూడా.

తర్వాత నాకు తెలిసిన మెకానిక్ ఆయిల్ దింపాడు. కింద పెట్టిన ట్రేలో టార్చ్ వేసి చూస్తే మెటాలిక్ పెయింట్ కలిపినట్టు మెరుస్తోంది. నేను అయస్కాంతం తెచ్చి పెట్టాను, దానికి ఏమీ అంటుకోలేదు. అతను అప్పుడే తల అడ్డంగా ఊపాడు, ఎందుకంటే ఇనుము అయితే అంటుకోవాలి, అంటుకోనిది బేరింగ్ షెల్ మీద ఉండే మెత్తటి లోహం. ఫిల్టర్‌ని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండబెడితే ఒక్కో మడతలో గోరు చివరంత రేకులు కనిపించాయి. ఆయిల్ ప్యాన్ విప్పి రాడ్ క్యాపులు తీశాక ఇంకేం చెప్పను. రెండు సిలిండర్ల షెల్స్ మీద బూడిద రంగు పొర పూర్తిగా పోయి రాగి రంగు బయటపడింది, ఒకదాని అంచు దగ్గర ఆ రాగి కూడా మైనంలా సాగి అతుక్కుపోయింది. మిగతా నాలుగు మాత్రం ఇంకో ఏడాది నడిచేవేమో అన్నట్టున్నాయి.

ఇక్కడే నా వాదన. ఆరింటికీ వెళ్ళేది ఒకే ఆయిల్, ఒకే ఫిల్టర్, ఒకే తేదీన మార్చినది. ఆయిల్ మార్చకపోవడమే కారణమైతే రెండే ఎందుకు పోవాలి? ఆ కాగితం రాసినవాళ్ళని ఇదే అడిగాను, జవాబు లేదు.

నా లెక్క ప్రకారం బేరింగ్ బతుకు చాలా వరకు సర్వీసు తేదీల కంటే ముందే తేలిపోతుంది. 8,000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు 133 సార్లు తిరగడం. ఆ వేగంలో షాఫ్ట్‌కీ షెల్‌కీ మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల ఆయిల్ పొర మాత్రమే. పంపు ఆయిల్‌ని అక్కడిదాకా తెస్తుంది, కానీ షాఫ్ట్‌ని ఆ పొర మీద తేలేలా చేసేది దాని తిరుగుడే. ఇంజిన్లు కట్టేవాళ్ళు పాతకాలం నుంచీ వాడే లెక్క ఒకటుంది: షాఫ్ట్ వ్యాసంలో వెయ్యోవంతు సందు వదలాలి, అంటే షాఫ్ట్‌లో బేరింగ్ పట్టే భాగం (జర్నల్) 50 మి.మీ. ఉంటే 0.05 మి.మీ. ఈ సందు మరీ బిగుతుగా పెట్టి, పైగా 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే, చలిలో స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో అది ఆ సందులోకి ఎంత తేలిగ్గా పారుతుందో మీరే ఆలోచించండి. బీఎండబ్ల్యూ వీ8 ఎం3 మీద ఏళ్ళ తరబడి జరుగుతున్న గొడవ ఇదే. 8,300 ఆర్‌పీఎం రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ హద్దు) ఉన్న ఆ ఇంజిన్‌కి యజమానులు ముందుజాగ్రత్తగా షెల్స్ మార్పించుకోవడం మామూలైపోయింది. అంతకు ముందు తరం ఆరు సిలిండర్ల ఎం3కి అయితే, 2001 నుంచి 2003 మధ్య తయారైన ఇంజిన్లకి రాడ్ బేరింగుల కోసం ఆ కంపెనీయే సర్వీస్ క్యాంపెయిన్ నడిపింది. యజమానులు ఆయిల్ సరిగ్గా మార్చకపోవడమే సమస్య అయితే కంపెనీ సొంత ఖర్చుతో షెల్స్ ఎందుకు మారుస్తుంది?

పోర్షే 911, బాక్‌స్టర్ సంగతి ఇంకా స్పష్టం. వాటిలో పోయేది రాడ్ బేరింగ్ కాదు, ఇంటర్మీడియట్ షాఫ్ట్ (క్రాంక్ నుంచి క్యామ్ షాఫ్టులకి తిరుగుడు అందించే షాఫ్ట్) బేరింగ్. కారు వచ్చినప్పుడు అందులో ఉన్నది సీల్ వేసిన బాల్ బేరింగ్, సర్వీస్ షెడ్యూల్‌లో దాని ఊసే లేదు. ఇంక యజమాని ఏం మెయింటెయిన్ చేస్తాడు? 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల మీద అమెరికాలో కేసు నడిచి 2013లో సెటిల్ అయింది. అదే కాలపు టర్బో, జీటీ3 ఇంజిన్లు వేరే డిజైన్, వాటికి ఈ బాధ లేదు. 2009 మోడల్ కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేకుండా చేశారు.

"నెలకోసారే తీస్తాను, షెడ్‌లోనే ఉంటుంది" అని గొప్పగా చెప్పి అమ్మేవాళ్ళని చూస్తే నాకు భయం. కదలని కారుకి మంచి జరుగుతుందని ఎవరు చెప్పారో కానీ, పది నిమిషాలు తిప్పి ఆపేసే కారులో ఇంధనమూ తేమా ఆయిల్‌లోకి చేరతాయి, ఆవిరై పోయేంత వేడి ఎప్పుడూ రాదు. ఆయిల్ పలచబడుతుంది, పుస్తకంలో కిలోమీటర్లు మాత్రం తక్కువే. ఇంకొందరు చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే సౌండ్ వినిపించడానికి రెడ్‌లైన్ దాకా లేపి వీడియో తీస్తారు. ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఆ రాగి రంగే గుర్తొస్తుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసేసి స్క్రీన్ మీద గీతలు చూపించే కంపెనీల మీద కూడా నాకు కోపమే. ట్రాక్ మీద పొడుగాటి మలుపులో మామూలు సంప్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది, అప్పుడు అర లీటరు తక్కువున్నా పంపుకి ఆయిల్ లాగే పికప్ పైప్ గాలి పీలుస్తుంది. ఆ ఒక్క సెకను ఏ సర్వీస్ బుక్‌లోనూ ఎక్కదు.

అయితే మెయింటెనెన్స్ అక్కర్లేదా అంటే, కచ్చితంగా కావాలి, కానీ ముద్ర వేయించుకోవడం కాదు. నా కారు పుస్తకంలో రాసిన గడువు ప్రకారమే నేను ఆయిల్ మార్చాను, అదే నేను చేసిన తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అంత దూరం ఒకే ఆయిల్ మీద నడపమనడం కారు కొన్నవాడికి ఖర్చు తక్కువని చూపించడానికే. ఇప్పుడు 8,000 కి.మీ.కి మారుస్తున్నాను, మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూస్తాను, ఒక చిన్న సీసా ల్యాబ్‌కి పంపుతాను. ల్యాబ్ రిపోర్టులో సీసం, రాగి అంకెలు ఒక్కసారికి ఎంతున్నాయన్నది కాదు, పోయినసారి కంటే పెరుగుతున్నాయా అన్నది చూడండి. నీటి సూచిక కాదు, ఆయిల్ ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటేదాకా నేను సగం రివ్స్ కూడా దాటను. నీళ్ళు త్వరగా వేడెక్కుతాయి, ఆయిల్‌కి ఇంకా చాలాసేపు పడుతుంది.

ఆ పన్నెండు షెల్స్‌నీ సిలిండర్ నంబర్లు రాసి దాచుకున్నాను, మెయింటెనెన్స్ లోపం అని ఎవరైనా అంటే ముందు అవి చూపిస్తాను. మీ కారులో ఇప్పటికే నేను చెప్పిన చప్పుడు వినిపిస్తోంటే మాత్రం ఈ వాదనలన్నీ పక్కన పెట్టి, ఇంజిన్ ఆపేసి టో బండి పిలిపించండి. ఇంటి దాకా అయినా నడపొద్దు. ఇప్పుడు ఆగితే షెల్స్‌తో, రాడ్ బోల్టులతో పోవచ్చు. ఇంకో పది కిలోమీటర్లు లాగితే క్రాంక్ షాఫ్ట్ మీద గీతలు పడతాయి, అప్పుడిక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.