బెజవాడ ఎండల్లో పిల్లలతో షికారుకు వేళ ఏది?

ప్రశ్న: మేము నిరుడు దసరా తరువాత బెంగళూరు నుండి విజయవాడకు వచ్చి స్థిరపడ్డాము. మాకు తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఉన్నారు. అక్కడ ప్రతి ఆదివారం సాయంత్రం పిల్లలను పార్కుకు తీసుకువెళ్ళేవాళ్ళము. ఇక్కడ మార్చి నుండి అది ఆగిపోయింది. పోయిన ఆదివారం ధైర్యం చేసి అయిదు గంటలకు బయలుదేరితే, అరగంటలోనే బాబు ముఖం కందిపోయి, తలనొప్పి అంటూ ఏడ్చాడు. వానలు పడేదాకా పిల్లలను గడప దాటించవద్దని మా అత్తయ్యగారు అంటున్నారు. రోజంతా ఏసీ గదిలో ఫోను పట్టుకుని కూర్చునే పిల్లలను చూస్తే నాకు బెంగగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అత్తయ్యగారి భయం అకారణం కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఈ నేల మీద పుట్టి పెరిగినవారికి అనుభవమే. పిల్లల శరీరం బరువుతో పోల్చితే వారి చర్మం వైశాల్యం ఎక్కువ కనుక బయటి వేడిని త్వరగా గ్రహిస్తుంది, పైగా వారికి పెద్దలంతగా చెమట పట్టదు, ఆటలో పడితే దాహం సంగతే గుర్తుండదు. అయినా రెండు మూడు నెలల పాటు పిల్లలకు ఆకాశం కనబడకుండా చేయడం నాకూ సమ్మతం కాదు. మీరు బెంగళూరు నుండి తెచ్చుకున్న సాయంత్రపు అలవాటును మాత్రం వదులుకోవలసి ఉంటుంది.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో పొద్దు వాలితే గాలి చల్లబడుతుంది. బెజవాడ అలా కాదు. ఇక్కడ ఎండ తీవ్రత మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో పరాకాష్ఠకు చేరినా, పగలంతా కాగిన తారురోడ్లు, డాబాలు, ఊరి చుట్టూ ఉన్న కొండరాళ్ళు ఆ వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వెళ్ళగక్కుతూనే ఉంటాయి, దానికి ఉక్కపోత తోడై చెమట ఆరదు, చెమట ఆరనిదే ఒళ్ళు చల్లబడదు. నేలకు దగ్గరగా నడిచే నాలుగేళ్ళ బిడ్డకు ఆ సెగ మనకంటే ఎక్కువగా తగులుతుంది. రోజు మొత్తంలో చల్లని సమయం సూర్యోదయానికి ముందే ఉంటుంది. మే నెలలో ఇక్కడ ఇంచుమించు అయిదున్నరకు సూర్యుడు ఉదయిస్తాడు కనుక, అయిదు గంటలకు ఇల్లు వదిలి ఏడున్నరకల్లా తిరిగి వచ్చేయండి. ముందురోజు రాత్రి తొమ్మిదికే పడుకోబెట్టి, మధ్యాహ్నం మరో గంట నిద్రపుచ్చితే పిల్లలకు కష్టం అనిపించదు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మొదటి వారం దూరం వద్దు. ఏసీకి అలవాటుపడిన శరీరం వేడికి సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుచేత కృష్ణ ఒడ్డున ఏదైనా ఘాట్ మెట్ల మీద అరగంట కూర్చుని రండి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచిన నీటి మీదుగా వచ్చే గాలి, వలలు తీసుకుని తిరిగి వస్తున్న పడవలు చూస్తే పాపకు ఎన్ని ప్రశ్నలు పుడతాయో మీకే తెలుస్తుంది. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి, మెట్లకు నాచు పట్టి ఉంటుంది, లోతు అంచనాకు అందదు. బాబు చేయి ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి. చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలతో డబ్బాలో పట్టుకువెళితే అక్కడే ఫలహారం అయిపోతుంది. తిరుగుదారిలో అప్పుడే చెట్టు దించిన తాటిముంజలు కనబడితే ఎదురుగా కొట్టించి పెట్టండి. రంగు నీళ్ళ ఐసు జోలికి పోవద్దు.

తరువాత ఒక ఆదివారం నది దాటి ఉండవల్లి వెళ్ళవచ్చు. కొండను తొలిచిన ఆ నాలుగంతస్తుల గుహాలయంలో శయనించిన అనంతపద్మనాభుని భారీ విగ్రహాన్ని చూసి పిల్లలు నోరు తెరుస్తారు, లోపల చల్లగానూ ఉంటుంది. తలుపులు తెరవగానే వెళ్ళండి, ఎండెక్కితే బయటి రాతిమెట్లు కాళ్ళను కాల్చేస్తాయి. కాస్త ఆలస్యమైనా ఫరవాలేదనుకునే రోజున కొండపల్లి పెట్టుకోండి, తెల్లపొణికి కర్రను చెక్కి, రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతికి, రంగులద్ది బొమ్మలు చేసే కళాకారుల పని నీడ పట్టునే సాగుతుంది. కోటను మాత్రం చలికాలానికి వదిలేయండి. భవానీ ద్వీపానికి కూడా డిసెంబరు, జనవరి నెలలే బాగుంటాయి.

వదులుగా ఉండే నూలు బట్టలు, అడిగినా అడగకపోయినా పావుగంటకోసారి నాలుగు గుక్కల నీళ్ళు తప్పనిసరి. ఆగి ఉన్న కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకూడదు. మీ బాబుకు ఆ రోజు వచ్చిన తలనొప్పి వడదెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. అలాంటప్పుడు వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, పొట్లం మీద రాసినంత నీటిలో కలిపిన ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా పట్టించాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, మత్తుగా వాలిపోయినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేసి, ఆంబులెన్సు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు చల్లుతూ విసురుతూ ఉండాలి.

మొదటి ఆదివారం మీ అత్తయ్యగారిని కూడా ఘాట్‌కు తీసుకువెళ్ళండి. ఆవిడ భయం తగ్గితే మీ పని సగం తేలిక అవుతుంది.

ప్రశ్న: మాతో పాటు అయిదు నెలల పసిబిడ్డ కూడా వస్తుంది. దారిలో మంచినీళ్ళు పట్టవచ్చా?
- గుంటూరు నుండి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, ఎంత ఎండలోనైనా బిడ్డకు కావలసిన నీరు వాటిలోనే ఉంటుంది. మామూలుకంటే ఎక్కువసార్లు పాలివ్వండి, ఆ మేరకు నీళ్ళు, మజ్జిగ మీరు తాగండి.