వరద నీళ్లు పోయాయి, చేతిలో డబ్బు ముందు దేనికి?

ప్రశ్న: మొన్నటి వరదకు మా ఇంటి కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు రెండు రోజులు నిలిచాయి. ఇప్పుడు బురద మిగిలింది. మొత్తం డబ్బు అడ్వాన్స్‌గా ఇస్తే పది రోజుల్లో కడిగించి, పుట్టి పెట్టి, పెయింట్ వేసి, కొత్త అల్మరాలతో సహా అప్పగిస్తానని ఒక కాంట్రాక్టర్ అంటున్నాడు. పర్సనల్ లోన్ తీసుకుని ఒకేసారి పూర్తి చేద్దామని మా వారి పట్టు. మా దగ్గర ఐదు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. ఇంటికి బీమా ఉంది కానీ, నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని తెలిసినవాళ్లు చెప్పారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: లోన్ ఇప్పుడే వద్దండీ. మొత్తం అడ్వాన్స్ అసలే వద్దు. శుభ్రం చేసే పని మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.

సర్వేయర్ వచ్చేదాకా ముట్టుకోకూడదన్న మాట వినడానికి బాగానే ఉంటుంది, పాటిస్తే మీకే నష్టం. ఉన్న నష్టం ఇంకా పెరగకుండా చూసుకునే బాధ్యత పాలసీ తీసుకున్నవాళ్లదేనని సాధారణంగా షరతుల్లోనే రాసి ఉంటుంది. తడి ఆరకపోతే 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవుతుంది. కాబట్టి ముందు బీమా కంపెనీకి ఫోన్ చేసి నష్టం సంగతి చెప్పండి, క్లెయిమ్ నంబర్ రాసుకోండి, 'శుభ్రం చేయడం మొదలుపెడుతున్నాం' అని ఒక మెయిల్ కూడా పంపండి. కరెంటు మెయిన్ ఆపేసి ఉందని ఎలక్ట్రీషియన్‌తో ఖాయం చేసుకున్నాకే లోపల అడుగుపెట్టండి.

చీపురు పట్టేముందు ఫోన్ పట్టండి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనిపిస్తుంది కదా, దాని పక్కన టేపు పెట్టి ఎత్తు తెలిసేలా ఫొటో తీయండి. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి తీయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనక ఉండే చిన్న స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి. బురద తుడిచి వాటినీ దగ్గరగా తీయండి. పని చేస్తున్నాయేమో చూద్దామని ప్లగ్గు మాత్రం పెట్టొద్దు. మెకానిక్ చూడాల్సిందే. నానిన పరుపు, సోఫా స్పాంజి ఉంచుకోవాల్సినవి కావు, ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. పారేసే ముందు ఒక్కోదాని నుంచి చిన్న ముక్క కత్తిరించి, సంచిలో వేసి, పేరు రాసి బయట ఎక్కడైనా దాచండి. కూలీ, పంపు అద్దె, బ్లీచింగ్, చేతి తొడుగులు... ప్రతి ఖర్చుకూ రసీదు తీసుకోండి. పాలసీని బట్టి శుభ్రం చేసిన ఖర్చులోనూ కొంత వెనక్కి రావచ్చు.

ఇక డబ్బు సంగతి. ఈ పది రోజుల ప్యాకేజీయే నాకు నచ్చలేదు. రెండు రోజులు నీళ్లు తాగిన ఇటుక గోడ పది రోజుల్లో ఆరదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. పైన ఆరినట్టే కనిపిస్తుంది. ఒక పని చేయండి: అరచేతి కంటే పెద్ద పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు దాని లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడలో తడి ఇంకా ఉన్నట్టే. అలాంటి గోడ మీద పుట్టి పెడితే పొక్కులు లేస్తాయి, ఉప్పు పొడిలా తెల్లగా రాలుతుంది, అదే పని రెండోసారి చేయించాలి. ఆ రెండో ఖర్చును ఏ బీమా కంపెనీ ఇస్తుంది చెప్పండి?

అందుకే ఇప్పుడు బురద ఎత్తడానికి, కడగడానికి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టడానికి, కరెంటు పనికి మాత్రమే ఖర్చు పెట్టండి. ఇది మీ పొదుపులోంచే తీయండి, అది దాచుకున్నదే ఇలాంటి రోజు కోసం. కనీసం రెండు నెలల ఖర్చు మాత్రం అందులో ముట్టుకోకండి. పెయింట్, అల్మరాలు గోడలు ఆరాక చూసుకోవచ్చు, అప్పటికి క్లెయిమ్ ఎంత వస్తుందో కూడా కొంత తేలుతుంది. అప్పటికీ తక్కువపడితే డిపాజిట్ మీద లోన్ అడగండి, మామూలుగా పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ. ఎంత కావాలో తెలియకుండా ఇప్పుడే అప్పు తెస్తే ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది, గోడ మాత్రం తడిగానే ఉంటుంది.

క్లెయిమ్ మీద ఆశ పెట్టుకునే ముందు పాలసీలో మూడు చోట్ల చూడండి. వరద కవర్ అవుతుందా, ఆ కవర్ భవనానికేనా లేక సామాన్లకు కూడానా, పాతబడినందుకు తరుగు తీసేస్తారా. ఇంకో మెలిక ఉంది. సామాన్ల అసలు విలువలో సగానికే బీమా చేసి ఉంటే, కొన్ని పాలసీల్లో నష్టంలోనూ సగమే ఇస్తారు. హోమ్ లోన్ ఉంటే ఆ కాగితాలు కూడా తిరగేయండి; లోన్‌తో పాటే బ్యాంకు అంటగట్టిన బీమా ఉన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. సర్వేయర్ వచ్చినప్పుడు కొంత డబ్బు ముందుగా ఇప్పించే వీలుందా అని అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

కాంట్రాక్టర్‌ను వదులుకోనక్కర్లేదు. పనిని విడదీసి విడివిడిగా ఎస్టిమేట్ రాసివ్వమనండి, ఇంకో ఇద్దరిని కూడా అడగండి. సామాన్లకు సరిపడా కొంత అడ్వాన్స్, మిగతాది పని జరిగేకొద్దీ, చివరి భాగం అంతా చూసుకున్నాక ఇస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే వేరేవాళ్లను చూసుకోండి, గోడలు ఆరేలోపు మీకు ఎలాగూ టైమ్ ఉంది.