ట్యూషన్ ఫీజు కట్టాక కూడా క్యాంపస్‌లో పార్కింగ్‌కి మళ్లీ డబ్బులెందుకు?

అమెరికాలో చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో పార్కింగ్ విభాగం తన ఖర్చు తనే సంపాదించుకోవాలి. పర్మిట్లు, గంటల లెక్కన వసూళ్లు, జరిమానాలే దాని రాబడి. అసలు బరువు మల్టీలెవెల్ గ్యారేజీలది: బాండ్లు అమ్మి కడతారు, ఆ అప్పు ఏళ్ల తరబడి పర్మిట్ డబ్బుతోనే తీరుస్తారు. అంటే మీరు ఒక్కసారీ కారు పెట్టని గ్యారేజీ ఖర్చు కూడా మీ నెత్తినే. పోనీ పర్మిట్ ఉంటే చోటు ఖాయమా అంటే అదీ లేదు, దొరికేది ఏడాది పొడుగునా చోటు వెతుక్కునే హక్కే!

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అయితే 2012లో మొత్తం పార్కింగ్‌ని 50 ఏళ్లకు ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చి, 48.3 కోట్ల డాలర్లు ముందే పుచ్చుకుని ఎండోమెంట్‌లో, అంటే తన శాశ్వత పెట్టుబడి నిధిలో, పెట్టుకుంది. రోజువారీ వసూళ్లు ఇక లీజుదారువి. కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో మాత్రం నోబెల్ వచ్చిన ప్రొఫెసర్లకు ‘ఎన్‌ఎల్’ (నోబెల్ లారియెట్) బోర్డుతో విడిగా చోటుంటుంది.