అత్తగారి సేవలో నిత్యపూజ తప్పుతోంది, దోషమా?

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడి ఏడాది దాటింది. అంతకుముందు నేను తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, దీపారాధన, విష్ణుసహస్రనామ పారాయణం ముగించాకే పొయ్యి వెలిగించేదాన్ని. ఇప్పుడు ఆమెను పక్క తిప్పడం, తడిసిన బట్టలు మార్చడం, జావ పట్టించడంతోనే పొద్దు గూకుతోంది. మా వారు ఉద్యోగం నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. పోయిన కార్తికంలో ఒక్క సోమవారమైనా ఉపవాసం ఉండలేకపోయాను. దీపం పెట్టని ఇంటికి అరిష్టమని తెలిసినవాళ్లు అంటున్నారు. మానవసేవే మాధవసేవ అని మనసుకు చెప్పుకుంటాను గాని, పూజలో కలిగే ప్రశాంతత ఈ పనిలో కలగడం లేదు. పైగా విసుగొచ్చి ఆమె మీద కేకలేస్తున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. నాకు దోషం తగులుతుందా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, పూజ తప్పినందుకు మీకు ఏ దోషమూ లేదు. కదలలేని మనిషిని వదిలి పారాయణానికి కూర్చోమని మన ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పదు. అయితే మీరు అడిగిన రెండో మాట, అంటే సేవ చేస్తున్నా ప్రశాంతత ఎందుకు కలగడం లేదన్నది, మొదటిదానికంటే లోతైనది. దానికి మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కౌశికుని కథ చక్కటి సమాధానం. తెలుగు భారతంలో ఈ ఘట్టాన్ని ఎఱ్ఱన రచించాడు.

కౌశికుడు వేదాధ్యయనపరుడైన బ్రాహ్మణుడు. ఒకనాడు చెట్టు కింద కూర్చుని వేదం వల్లిస్తుండగా పైనుంచి ఒక కొంగ అతని మీద రెట్ట వేసింది. కోపంతో తలెత్తి చూశాడు, కొంగ చచ్చి పడింది. చేసినదానికి బాధపడుతూనే ఊళ్లోకి భిక్షకు వెళ్లాడు. ఒక ఇంటి ఇల్లాలు ఆగమని చెప్పి లోపలికి వెళ్లింది. ఆమె పాత్ర శుభ్రం చేస్తుండగా భర్త ఆకలితో వచ్చాడు. ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, వడ్డించి, ఆ తర్వాత భిక్ష గుర్తొచ్చి సిగ్గుపడుతూ బయటికి వచ్చింది. కౌశికుడు మళ్లీ మండిపడ్డాడు. అప్పుడామె, నీ కోపానికి చచ్చిపోవడానికి నేను కొంగను కానని చెప్పి, ధర్మమేమిటో తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ణి అడగమంది.

చెట్టు నీడన కౌశికుడికి ఉన్న ప్రశాంతత నిజమైనదే గాని, ఒక పక్షి రెట్టతో చెదిరిపోయింది. మీరు పూజగదిలో అనుభవించిన ప్రశాంతత కూడా నిజమే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ వేళలో ఇల్లంతా నిద్రలో ఉండేది, మిమ్మల్ని పిలిచేవారు లేరు. ఇప్పుడు రెండేసి గంటలకు ఆమెను పక్క తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది, మింగలేక జావ చెంప మీదుగా కారిపోతుంది, మార్చిన దుప్పటి మళ్లీ తడుస్తుంది. ఇక్కడ మనసు చలించకుండా ఉండటం తెల్లవారుజాము పారాయణం కంటే ఎన్నో రెట్లు కష్టమైన సాధన. అది కుదరడం లేదని బాధపడుతున్నారంటే సాధనలో ఉన్నారనే అర్థం. ఇన్నేళ్ల సహస్రనామం ఎటూ పోలేదు. కేక వేశాక మీకు వచ్చే ఏడుపులో దాని ఫలం ఉంది.

కోపం విషయంలో మాత్రం మిమ్మల్ని ఊరికే ఓదార్చను. ఎదుటివారిని నొప్పించని, సత్యమూ ప్రియమూ హితమూ అయిన మాటను గీత పదిహేడో అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సుగా లెక్కించింది. తిరిగి మాట్లాడలేని మనిషి మీద వేసిన కేక ఆ తపస్సుకు భంగమే. అయితే అదే గీత ఆరో అధ్యాయంలో తిండి, విహారం, నిద్ర, మెలకువ తగిన పాళ్లలో ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెప్పింది. రాత్రంతా మేలుకుని, పగలు వేళకు తినకుండా ఉన్న శరీరం నుంచి శాంతమైన మాట రమ్మంటే ఎలా వస్తుంది? మీకు ఇప్పుడు కార్తిక సోమవారం ఉపవాసం కంటే వేళకు అన్నం, పగలు ఒక గంట నిద్ర అవసరం. దాన్ని భోగమనుకోకండి.

ఇక ధర్మవ్యాధుడి ఇంట్లో ఏం జరిగిందో చూద్దాం, ఎందుకంటే ఈ కథను కోడళ్లకు వినిపించేవారు అక్కడున్న ముఖ్యమైన మాటను తరచుగా వదిలేస్తారు. అతడు మాంసం అమ్ముకుని బతికేవాడు. కౌశికుణ్ణి ఇంటికి తీసుకువెళ్లి, భోజనం చేసి తెల్లని బట్టలతో కూర్చున్న వృద్ధులైన తల్లిదండ్రులను చూపించి, వీరే నాకు దేవతలు అన్నాడు. భార్యాబిడ్డలతో కలిసి వారికి శుశ్రూష చేస్తున్నానని, తానే స్వయంగా స్నానం చేయించి, కాళ్లు కడిగి, అన్నం పెడతానని చెప్పాడు. సేవ చేసినవాడు కొడుకు, ఇంటిల్లిపాదీ అతనితో కలిశారు. వ్యాపారం ఉందని అతడు ఆ పనిని భార్యకు వదిలేయలేదు. మాతృదేవో భవ అని తైత్తిరీయోపనిషత్తు చేసిన ఉపదేశం కూడా విద్య ముగించుకుని గృహస్థాశ్రమంలో అడుగుపెట్టబోయే శిష్యుడికే. ఈ బోధలను చూపించి భారమంతా ఒక్క కోడలి మీద వేయడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం.

దీపం సంగతికి వస్తే, ఇంట్లో ఎవరు వెలిగించినా అది ఇంటి దీపమే. స్నానం చేసి ఆఫీసుకు బయలుదేరే ముందు మీ వారు ఒత్తి వేసి వెలిగించవచ్చు. ఒక ఆకు, ఒక పువ్వు, కాసిన్ని నీళ్లు భక్తితో ఇస్తే స్వీకరిస్తానని భగవంతుడే గీతలో అన్నాడు కాబట్టి నైవేద్యం కొరతకు దిగులు వద్దు. నామస్మరణకు కాలనియమం లేదు. తడిబట్టలు మారుస్తూ కూడా మనసులో గోవిందనామం చెప్పుకోవచ్చు. వీలైనప్పుడు సహస్రనామాన్ని అత్తగారి మంచం పక్కనే కూర్చుని ఆమెకు వినపడేలా చదవండి. మాట పోయినవారికీ చెవులు పనిచేస్తూ ఉండవచ్చు, ఆమెకూ ఆ నామాలు ఎన్నో ఏళ్లుగా పరిచయమై ఉంటాయి.

ఈ జవాబును ఆదివారం మీ వారికి చదివి వినిపించండి. ధర్మవ్యాధుడు తల్లిదండ్రులకు స్వయంగా స్నానం చేయించిన మాట దగ్గర కాస్త ఆగి, ఆ రోజు అత్తగారికి ఒళ్లు తుడిచే పని ఆయనకు అప్పగించండి.