తాతగారి కత్తికి కొత్త పిడి

సందేహం: మా తాతగారు రెండు నెలల క్రితం కాలం చేశారు. ఆయన పొదిలో పాత మంగలి కత్తి ఒకటి దొరికింది. అలుగు మొదట్లో ‘షెఫీల్డ్, ఇంగ్లండ్’ అని అచ్చు ఉంది. తెల్లటి పిడి ఒక పక్క పగిలింది. అది ఏనుగు దంతమని నాయనమ్మ అంటోంది. తుప్పు తీయించి, ఊళ్లో వడ్రంగితో కొత్త పిడి చేయించాలని ఉంది. పాత పిడి ముక్కలు కొంటానని ఒకాయన వచ్చాడు. కత్తి తనకు పంపమని అమెరికాలో ఉన్న బావ (మేనత్త కొడుకు) అడుగుతున్నాడు. దీనికి ఆయుధ లైసెన్సు కావాలా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: లైసెన్సు అక్కర్లేదు. 2016 నాటి ఆయుధ నిబంధనలు పట్టించుకునేది తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులను. మీ కత్తి అలుగు మూడు అంగుళాలు ఉంటుందేమో. అలాగని జేబులో వేసుకుని జగ్గన్నతోట తీర్థానికి వెళ్తే పోలీసులు ఆపి అడగకుండా ఉండరు.

నా దిగులంతా మీరు అడగని ఆ తెల్ల పిడి గురించే. పగిలిన చోట అడ్డకోతను భూతద్దంతో చూడండి. సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తే దంతమే కావచ్చు. గీతలు పొడుగునా తిన్నగా, వరస తప్పకుండా సాగితే అది సెల్యులాయిడ్, అంటే దంతాన్ని అనుకరించిన పాతకాలపు ప్లాస్టిక్. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. అది కుళ్లితే వచ్చే ఆవిరి ఉక్కును తినేస్తుంది. అలుగు మీద పిడి కప్పిన మేరే తుప్పు ఎక్కువగా ఉందేమో కూడా గమనించండి. సెల్యులాయిడ్ అని తేలితే నిశ్చింతగా తీసి పారేయించండి.

దంతమైతే మాత్రం మేకులు ఊడగొట్టకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి పెట్టండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఆఫ్రికా ఏనుగు దంతంతో ఇంగ్లండులో చేసింది కదా అనే వాదన 1991 సవరణ తర్వాత నిలవదు. వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు గానీ, సంక్రమించిన 90 రోజుల్లో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ప్రకటన ఇవ్వాలని సెక్షన్ 40(2బి) చెబుతోంది. మీకు మిగిలింది నెల రోజులు.

ఆ ‘మీకు’ అన్న మాట దగ్గర చిన్న చిక్కుంది. మీ నాన్నగారు ఉన్నారా? ఉంటే, వీలునామా లేనప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం హక్కుదారులు నాయనమ్మ, నాన్నగారు, మేనత్త. ప్రకటన వాళ్ల పేరున వెళ్లాలి.

తాతగారి పెట్టెలో 2003 నాటి కాగితం ఉందేమో వెతకండి. అప్పట్లో ఇలాంటివి ప్రకటించుకోవడానికి ప్రభుత్వం 180 రోజుల గడువిచ్చింది. పల్లెల్లో ఎంతమందికి ఆ సంగతి తెలిసిందో నాకు అనుమానమే. కాగితం దొరక్కపోతే ప్రకటన సొంతంగా రాయకుండా న్యాయవాదితో రాయించండి. వస్తువు మీ దగ్గర ఉందని తేలాక అది సక్రమమని చూపే భారం సెక్షన్ 57 కింద మీ మీదే పడుతుంది. పొది పక్కన పెట్టుకుని తాతగారు దిగిన ఫోటో ఒక్కటి దొరికినా ఎంతో మేలు.

ముక్కలు కొంటానన్న ఆయనకు ఈరోజే కుదరదని చెప్పండి. దంతం విషయంలో అమ్మజూపడమూ నేరమే. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఊరికే ఇచ్చినా పుచ్చుకున్నవాడు చిక్కుల్లో పడతాడు. గొడవెందుకని కాలవలో విసిరేయకండి, సాక్ష్యం మాయం చేశారన్న మాట కూడా మోయాల్సి వస్తుంది.

కొత్త పిడికి ఎర్రచందనం, జింక కొమ్ము వద్దు. ఇంటి గేదె కొమ్ము వాడుకోవచ్చు. నన్నడిగితే తాటి చేవ. నల్లటి చారలతో ఉండే ఆ కర్రను నున్నగా చిత్రిక పట్టి, ఇత్తడి తీగ గుచ్చి, రెండు కొసలూ చిన్న సుత్తితో మెల్లగా అణిస్తే సరిపోతుంది. తీగ మరీ బిగిస్తే కత్తి మడత పడదు.

ఇక మీ బావగారి సంగతి. దంతం పిడితో కత్తి దేశం దాటకూడదు. పిడి సెల్యులాయిడే అయినా, కత్తి నూరేళ్లు దాటినదైతే పురావస్తువుల చట్టం అడ్డు రావచ్చు. అలాంటిది కాదని భారత పురావస్తు సర్వేక్షణ నుంచి ధ్రువపత్రం తెచ్చుకున్నాకే పంపాలి. అంత తిరుగుడు ఎందుకనుకుంటే, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడే గడ్డం గీయించుకోమనండి.