ఫ్యూచరామా తిరిగివచ్చింది, పాత ఫ్యూచరామా వచ్చిందా?

'ఫ్యూచరామా' పునరాగమనం గురించి ఈ శీర్షికలో ఇదివరకు నేను వ్రాసిన నాలుగు వాక్యాలకు ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. కొత్త ఎపిసోడ్లు 'బాగున్నాయి గాని, రాకపోయినా లోటు లేదు' అన్న నా మాట కొందరికి నచ్చింది, ఎక్కువమందికి నచ్చలేదు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఈ అమెరికన్ హాస్య యానిమేషన్ ధారావాహిక తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1999 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్‌లో పిజ్జా అందించడానికి వెళ్లిన ఫ్రై అనే కుర్రవాడు పొరపాటున శీతల యంత్రంలో పడి గడ్డకట్టి, వెయ్యేళ్ల తరువాత మేలుకుంటాడు. తన అన్న వంశంలో ఎన్నో తరాల తరువాత పుట్టిన ఒక ముసలి శాస్త్రవేత్త నడిపే సరుకుల రవాణా సంస్థలో, ఒంటికన్ను గల అంతరిక్ష నౌకాధిపతి లీలాతోను, తాగుబోతు రోబో బెండర్‌తోను కలిసి పనికి కుదురుతాడు. ధారావాహిక 2003లో ఆగి, ఆ తరువాత నాలుగు సినిమాలుగాను, 2010 నుంచి 2013 దాకా కామెడీ సెంట్రల్ ఛానెల్‌లోను, 2023 నుంచి హులూ అనే స్ట్రీమింగ్ వేదికలోను తిరిగివచ్చింది.

ప్రశ్న: ఫ్యూచరామా 2003తోనే అయిపోయిందని మా అన్నయ్య అంటాడు. 2010 తరువాత వచ్చినవాటిలో పాతవాటికి తీసిపోనివి చాలా ఉన్నాయని నేనంటాను. ఇద్దరమూ అన్నీ చూసినవాళ్లమే, అయినా తగవు తెగడం లేదు. దీన్ని తీర్చే పద్ధతేమైనా ఉందా?

జవాబు: ఇద్దరూ అన్నీ చూశారు, నిజమే. కాని పాతవాటిని ఎన్నిసార్లు చూశారో, కొత్తవాటిని ఎన్నిసార్లు చూశారో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. తగవులో సగం అక్కడే ఉంది.

ఫాక్స్ ఛానెల్‌లో 1999 మార్చి 28న మొదలై 2003 ఆగస్టు 10న ఆగిపోయేనాటికి ఫ్యూచరామా 72 ఎపిసోడ్లు ప్రసారమైంది. ఆదివారం సాయంత్రాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు పొడుగైపోయినప్పుడల్లా ప్రసారం రద్దయ్యేది గనుక, ఆ రోజుల్లో దాన్ని వరసగా చూసినవారు అమెరికాలోనే తక్కువ. అభిమానుల్లో అధికులు దాన్ని ఆ తరువాత అడల్ట్ స్విమ్ అనే ఛానెల్ పునఃప్రసారాల్లోను, డీవీడీల్లోను చూసి, నచ్చినవాటిని పదేసి సార్లు తిరగవేసి, చమత్కారం రాకముందే నవ్వడం అలవాటు చేసుకున్నవారే. నచ్చనివాటిని ఎవరూ తిరగవేయరు. కాబట్టి ఇరవై ఏళ్లు గడిచేసరికి 'పాత ఫ్యూచరామా' అంటే 72 ఎపిసోడ్లు కాదు, వాటిలో జల్లెడ పట్టగా మిగిలిన పదిహేనో ఇరవయ్యో. కొత్తదానికి ఆ జల్లెడ పట్టే వ్యవధి ఇంకా దొరకలేదు. నిన్న రాత్రి వచ్చినదాన్ని ఒక్కసారి చూసి, కంఠస్థమైన పాత ఎపిసోడ్ 'జురాసిక్ బార్క్' పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు.

నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను, మీ అన్నయ్యను కూర్చోబెట్టి ప్రయత్నించండి. పాతవాటిలో మీ ఇద్దరికీ కథ సరిగా గుర్తులేని ఒక ఎపిసోడ్‌ను, 2010 తరువాతివాటిలో అటువంటిదే మరొకదాన్ని తీసుకుని ఒకే రాత్రి చూడండి. మేటి ఎపిసోడ్‌ను మేటి ఎపిసోడ్‌తోను, ఓ మోస్తరుదాన్ని ఓ మోస్తరుదానితోను పోల్చాలే తప్ప అటుదిటు చేయకూడదు. ఈ పద్ధతిలో నాకు తేలినదేమిటంటే, మేటివాటి విషయంలో మీరే గెలుస్తారు. ముందుకే తప్ప వెనక్కి నడవని కాలయంత్రంలో ముగ్గురు విశ్వం అంతమయ్యేదాకా ప్రయాణించే 'ది లేట్ ఫిలిప్ జె. ఫ్రై' 2010లో వచ్చింది, మరుసటి ఏడాది ఎమ్మీ పురస్కారం పొందింది. పాత 72లో దానికి సాటి వచ్చేవాటిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. 2010లోనే వచ్చిన 'ది ప్రిజనర్ ఆఫ్ బెండా'లో పాత్రల మనసులు ఒకరి శరీరంలోనుంచి మరొకరి శరీరంలోకి మారిపోతాయి, ఒకసారి మార్చుకున్న జంట తిరిగి నేరుగా మార్చుకోలేదు. రచయిత కెన్ కీలర్ అనువర్తిత గణితంలో డాక్టరేటు పొందినవాడు. ఎంతమంది ఎంతగా తారుమారైనా, అదనంగా ఇద్దరు మనుషులుంటే చాలు, అందరినీ సొంత శరీరాలకు చేర్చవచ్చునని ఆయన ఆ కథకోసం ఒక సిద్ధాంతాన్ని నిరూపించి, ఆ నిరూపణను బోర్డు మీద వ్రాయించాడు. ఇటువంటి పని పాత రోజుల్లో కూడా జరగలేదు.

ఓ మోస్తరువాటి విషయంలో మాత్రం మీ అన్నయ్యదే పైచేయి. పాతవాటిలో పక్క కథ చివరికి ఎక్కడో ఒకచోట ప్రధాన కథకు ముడిపడుతుంది. కొత్తవాటిలో అది తరచు గాలికి వదిలిన దారంలా మిగిలిపోతుంది. మీరు శిఖరాల గురించి, ఆయన సగటు గురించి మాట్లాడుతున్నారు. తగవు తెగకపోవడానికి అదే కారణం.

ప్రశ్న: హులూలో 2023 నుంచి వస్తున్న ఎపిసోడ్లు బిట్‌కాయిన్ గురించి ఒకటి, టీకాల గురించి ఒకటి, స్ట్రీమింగ్ గురించి ఒకటి అన్నట్టున్నాయి. నిన్నటి వార్తాపత్రికను నాలుగో సహస్రాబ్దిలో చదువుతున్నట్టుంటుంది. పాతదానిలో ఈ జాడ్యం లేదు కదా?

జవాబు: లేకపోవడమేమిటి, నిండా ఉంది. అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ తలను గాజు జాడీలో పెట్టి భూమికి అధ్యక్షుణ్ణి చేసింది 1999లోనే. ఆనాడు అమెరికా టీవీలో పేరుమోసిన ఒక మహిళా న్యాయవాది ధారావాహికను వెక్కిరించిందీ ఆ సంవత్సరమే. సమకాలీనత దోషం కాదు, ఆ సంగతిని పాత్రల చేతికిచ్చి వారిని వారి దారిన పోనిచ్చారా లేదా అన్నదే చూడాలి.

2003లో వచ్చిన 'త్రీ హండ్రెడ్ బిగ్ బాయ్స్' చూడండి. బుష్ ప్రభుత్వం 2001లో పన్ను చెల్లింపుదారులకు 300 డాలర్ల చొప్పున తిరిగి ఇచ్చింది. ఆ వార్తే దానికి విత్తనం. కాని కథలో ఆ చురక కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆ తరువాత ఉన్నదల్లా, ఊరక వచ్చిన 300 డాలర్లతో ఎవరేం చేస్తారన్న ప్రశ్న. ఫ్రై ఆ డబ్బుతో నూరు కప్పుల కాఫీ తాగుతానని పంతం పడతాడు. వరసగా తాగుతూ చేతులు వణికి, మాట తడబడి, సరిగ్గా నూరో కప్పుకు కాలమే మందగించినంత వేగం పొంది, మంటల్లో చిక్కినవారందరినీ ఒక్కొక్కరిగా మోసుకొచ్చి బయట పెడతాడు. బుష్ పన్ను వాపసు గురించి ఒక్క ముక్క తెలియనివాడు కూడా ఆ ఘట్టానికి చప్పట్లు కొడతాడు.

దాని పక్కన 2010 నాటి 'అటాక్ ఆఫ్ ద కిల్లర్ యాప్' పెట్టండి. అందులో లీలా ఒంటిమీద లేచిన ఒక కురుపు పాట పాడుతుంది. ఆ కురుపు పేరు సూసన్. అంతకు ముందు ఏడాది ఒక బ్రిటిష్ పాటల పోటీతో లోకమంతా మారుమోగిన గాయని సూసన్ బాయిల్ ఇంటిపేరుకూ, ఆంగ్లంలో కురుపును సూచించే మాటకూ ఉన్న పోలికే అక్కడి హాస్యం. ఆ గాయని ఎవరో గుర్తులేనివారికి అది వట్టి కురుపు. కంట్లో అమర్చే ఫోను గురించిన వెక్కిరింత ఈనాటికీ పదును తగ్గలేదన్నది వేరే సంగతి. ఒకే ఎపిసోడ్‌లో రెండు రకాలూ ఉన్నాయి.

హులూ కాలం నాటివాటిలో పాత్రల దారిన పోయే రకం తక్కువై, వార్త తెలిస్తేనే నవ్వు వచ్చే రకం పెరిగిందన్న మీ ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. దానికి ఒక కారణం యానిమేషన్ స్వభావంలోనే ఉంది. వ్రాత మొదలైన రోజుకూ ప్రసారం రోజుకూ మధ్య ఏడాదికి తక్కువ కాకుండా పడుతుంది, వార్త అంతకాలం తాజాగా ఉండదు. ఈ సంగతి రచయితలకు మనకంటె బాగా తెలుసు. తెలిసీ ఆ బరువును కథ మీద ఎందుకు మోపుతున్నారన్నదే నా ఫిర్యాదు.

ప్రశ్న: 'జురాసిక్ బార్క్' చివర కుక్కను తలచుకుంటే నాకు ఇప్పటికీ కన్నీళ్లు ఆగవు. తరువాత వచ్చిన సినిమాలో ఆ కథను మార్చి పాడుచేశారని నా బాధ. మీ అభిప్రాయం?

జవాబు: చూడనివారి కోసం: వెయ్యేళ్ల తరువాత ఫ్రైకి తన కుక్క సీమోర్ శిలాజం దొరుకుతుంది. తాను మాయమైన తరువాత పన్నెండేళ్లు అది బతికిందని తెలుసుకుని, ఎప్పుడో తనను మరచిపోయి ఉంటుందని భావించి, దాన్ని తిరిగి బతికించే ప్రయత్నం మానుకుంటాడు. ఆ పన్నెండేళ్లూ అది పిజ్జా దుకాణం ముందు అతని కోసమే ఎదురుచూసిందని చివరి నిమిషంలో మనకు మాత్రమే చూపిస్తారు. 2002 నవంబరులో ప్రసారమైంది. 2007లో డీవీడీగా వచ్చిన 'బెండర్స్ బిగ్ స్కోర్'లో కాలప్రయాణం వల్ల ఏర్పడిన ఫ్రై ప్రతిరూపం ఒకటి గతానికి వెళ్లి ఆ కుక్కతోనే ఉండిపోయిందని తేల్చారు.

రచయితలు జాలిపడి చేసిన పని ఇది, కాని జాలి తప్పుచోట పడింది. ఆ ముగింపు మనలను కలచివేసింది కుక్క ఎదురుచూసినందుకు మాత్రమే కాదు, ఫ్రై మంచిమనసుతోనే తప్పు నిర్ణయం చేసినందుకు, అది అతనికి ఎన్నటికీ తెలియనందుకు. సినిమా ఆ తప్పును తుడిచివేసింది. సినిమా తనంతట తాను చక్కని చిక్కుముడి కథ, అందులో లీలా ప్రేమించిన లార్స్ అసలు ఎవరో తేలే ఘట్టం నాకు ఎంతో ఇష్టం. అయినా కుక్క విషయంలో నేను మీ పక్షమే. ఆ పాత ఎపిసోడ్ చూసేటప్పుడు సినిమాను లెక్కలోకి తీసుకోను. మీరూ తీసుకోనవసరం లేదు.

ప్రశ్న: కొత్త ఎపిసోడ్లలో ఫ్రై గొంతు ముదిరినట్టు వినిపిస్తోంది. నటుణ్ణి మార్చారా?

జవాబు: మార్చలేదు, బిల్లీ వెస్టే. 1952లో పుట్టిన ఆయనకు 2023 నాటికి 71 ఏళ్లు. తన 25వ ఏటి గొంతునే ఫ్రైకి ఇచ్చానని ఆయన చెప్పుకున్నారు, ఆ గొంతును నిలబెట్టడం ఇప్పుడు సులువు కాదు. విచిత్రమేమంటే, ఆయనే పలికే ముసలి శాస్త్రవేత్త ప్రొఫెసర్ గొంతుకు ఈ వయసు కలిసివచ్చింది. బెండర్‌కు గాత్రమిచ్చే జాన్ డిమాజియో లేకుండానే పునరాగమనం జరుగుతుందని 2022 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు అభిమానులు ఎంత గగ్గోలు పెట్టారో మీకు గుర్తుండే ఉంటుంది. మార్చి మొదట్లోనే ఒప్పందం కుదిరి ఆయన తిరిగివచ్చారు. బెండర్ గొంతు మారి ఉంటే ఈ శీర్షికకు ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు, ఎవరూ చూసి ఉండేవారు కాదు.

ప్రశ్న: 2023 నాటిది ఎనిమిదో సీజనా, పదకొండోదా? ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంది.

జవాబు: రెండూ సరైనవే. తయారీ లెక్కలో ఫాక్స్ సీజన్లు నాలుగే, ప్రసారం లెక్కలో అయిదు. నాలుగు సినిమాలను 16 ఎపిసోడ్లుగా విడగొట్టి ఒక సీజన్ అన్నారు. 2010 నుంచి 2013 దాకా కామెడీ సెంట్రల్‌లో వచ్చిన 52 ఎపిసోడ్లను రెండు సీజన్లుగా లెక్కించినవారున్నారు, నాలుగుగా లెక్కించినవారూ ఉన్నారు. వాదనకు దిగేటప్పుడు సంవత్సరం చెప్పండి, సీజన్ సంఖ్య చెప్పకండి.

ప్రశ్న: ఆగిపోయిన ఇతర ధారావాహికలు కూడా తిరిగివస్తున్నాయి. 'కింగ్ ఆఫ్ ద హిల్' 2025లో వచ్చింది. వాటితో పోలిస్తే ఫ్యూచరామా ఎక్కడ నిలుస్తుంది?

జవాబు: ఆ పోలికలో ఫ్యూచరామాకు ఒక ఇబ్బంది ఉంది. 1997లో మొదలై 2010లో ముగిసిన 'కింగ్ ఆఫ్ ద హిల్' తిరిగివచ్చినప్పుడు, గడిచిన ఏళ్లను దాచలేదు. హ్యాంక్, పెగ్గీ దంపతులు సౌదీ అరేబియాలో కొన్నేళ్లు పనిచేసి టెక్సస్‌కు తిరిగివస్తారు. అప్పట్లో పసివాడైన వారి కొడుకు బాబీ 21 ఏళ్లవాడై డాలస్‌లో వంటశాల నడుపుతుంటాడు. తండ్రికి తన ఊరు కొత్తగా తోచడం, మనకు ఆ ధారావాహిక కొత్తగా తోచడం ఒకే అనుభవంగా కలిసిపోతాయి. డేల్ పాత్రకు గాత్రమిచ్చిన జానీ హార్డ్‌విక్ 2023లో మరణించారు. ఆయన అప్పటికే కొన్ని ఎపిసోడ్లకు పలికి ఉన్నారు. తక్కినవాటికి టోబీ హస్ పలికారు. ఆ మార్పు వినిపిస్తుంది, అయినా మనసు దాన్ని క్షమిస్తుంది.

ఫ్యూచరామాకు ఆ వీలు లేదు. అందులో ఫ్రై ఎప్పటికీ కుర్రవాడే. పైగా దానికి ముగింపులు ఎక్కువయ్యాయి. మళ్లీ పిలుపు వస్తుందో రాదోనన్న అనుమానంతో 2003లో ఒకసారి, 2009లో ఒకసారి, 2011లో ఒకసారి, 2013లో మరొకసారి వీడ్కోలు పలికారు. చివరిదైన 'మీన్‌వైల్'లో స్తంభించిన కాలంలో ఫ్రై, లీలా ఇద్దరే కలిసి ముసలివారై, మళ్లీ మొదటినుంచి జీవించడానికి సిద్ధపడతారు. అంత చక్కగా సెలవు తీసుకున్నవారు పదేళ్లకు తిరిగివచ్చి గుమ్మంలో నిలబడితే సంతోషంతోపాటు కొంచెం ఇబ్బంది కూడా కలుగుతుంది. నేను ఇదివరకు 'రాకపోయినా లోటు లేదు' అన్నది ఈ అర్థంలోనే.

ప్రశ్న: ఇంత చెప్పారు గాని, 2023 తరువాతివాటిలో పాతవాటి సరసన నిలిచేది ఒక్కటైనా ఉందా? మాట మార్చకుండా చెప్పండి.

జవాబు: ఉంది, 'చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ బాగ్'. 2003 జనవరిలో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో, కిఫ్ అనే గ్రహాంతరవాసి గర్భం ధరించి, తన పిల్లలను తన గ్రహంలోని చిత్తడినేలలో విడిచిపెడతాడు. ఇంకా తల్లి కావడానికి తాను సిద్ధంగా లేనని అతని ప్రియురాలు ఎమీ అంటుంది. పిల్లలు నేలమీదికి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది గనుక అప్పటికి సిద్ధమవుతానని ఆమె అంటే, ఆనాడు మనం దాన్ని నవ్వించడానికి వేసిన మాటగా తీసుకున్నాం. ధారావాహిక అదే ఏడాది ఆగిపోయింది. 2023 జూలైలో ఆ పిల్లలు బురదలోనుంచి పాకుకుంటూ బయటికి వచ్చారు. లెక్క ఇంచుమించు ఇరవై ఏళ్లు, కథలోనూ మన ఇళ్లలోనూ.